నేర్చుకున్న చోటికే నేర్పడానికి వెళ్తే

అమెరికా కాలేజీల్లో ఎండాకాలం సెలవులు మొదలయ్యాక ఒక రకం ప్రకటనలు వస్తుంటాయి. మన జట్టులో నాలుగేళ్ళు ఈదిన ఫలానా అమ్మాయి ఇప్పుడు మన జట్టుకే అసిస్టెంట్ కోచ్‌గా వస్తోంది అని నాలుగు వాక్యాలు, పక్కన నవ్వుతున్న ఫోటో. చాలా చిన్న వార్త. ఆ కాలేజీ వాళ్ళు తప్ప ఇంకెవరూ చదవరు కూడా. అంత చిన్న వార్త మా ఇంట్లో మాత్రం నెల రోజులుగా పెద్ద చర్చ అయి కూర్చుంది. అట్లాంటా దగ్గర ఉండే మా చెల్లెలి కూతురికి, తను చదివిన కాలేజీ ఈత జట్టు నుంచి అలాంటి పిలుపే వచ్చింది. రెండేళ్ళుగా చేస్తున్న ఆఫీసు ఉద్యోగం మానేసి వెళ్ళాలి.

ఇక చూడండి, ఫోన్లే ఫోన్లు. "అంత చదివించింది పిల్లలకి ఈత నేర్పడానికా?" అని మా అమ్మ. "ఆటలు చదువయ్యే వరకే బాగుంటాయి వదినా, ఆ తర్వాత కూడా కొలను చుట్టూనే తిరుగుతానంటే ఎలా?" అని మా మరిది. "అక్కా, నువ్వైనా చెప్పు, నీ మాటైతే వింటుంది" అని మా చెల్లెలు. అందరి మాటలూ విన్నాక నాకు అనిపించింది, నేను చెప్పాల్సింది ఆ పిల్లకి కాదు, వీళ్ళకి అని. ఇలాంటి మాటలు మా ఇంట్లోనే కాదు, ఆడపిల్లలున్న చాలా ఇళ్ళల్లో ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ పిల్ల వెళ్ళాలి. అయితే మూడు ప్రశ్నలు అడిగి మరీ వెళ్ళాలి.

ముందు ఆ ఈత ఎలాంటిదో చెప్తాను. మన ఊళ్ళల్లో ఈతంటే నడుముకి బెండ్లు కట్టి బావిలోకి తోసేయడం. రెండు ముంతల నీళ్ళు మింగాక ఈత వచ్చేస్తుంది. అక్కడ కాలేజీ ఈత అలాంటిది కాదు. కాలేజీ పోటీలు 25 గజాల కొలనులో జరుగుతాయి, అంటే దాదాపు 23 మీటర్లు. అన్నిటికన్నా పొడవైన పందెం 1650 గజాలు. ఆ గోడకీ ఈ గోడకీ మధ్య 66 సార్లు ఈదాలి. అడుగున ఉన్న నల్ల గీత తప్ప ఇంకేమీ కనపడదు. పోటీల కాలంలో వారానికి 20 గంటలకి మించి సాధన చేయించకూడదని కాలేజీ క్రీడల సంఘం నియమం ఉంది. అంత నియమం పెట్టాల్సి వచ్చిందంటే, లేకపోతే ఎంతసేపు చేయిస్తారో మీరే ఊహించుకోండి.

కాలేజీకి వెళ్ళేముందు ఇంకో పదేళ్ళ కథ ఉంటుంది. మా చెల్లెలి కూతురు ఎనిమిదో ఏట మొదలుపెట్టింది. అప్పటినుంచీ మా చెల్లెలు తెల్లవారుజామున నాలుగుంపావుకి లేచి, ఇడ్లీలు డబ్బాలో సర్ది, నిద్రమొహంతో ఉన్న పిల్లని కారెక్కించేది. పిల్ల ఈదుతుంటే ఇది కారులో కూర్చుని నాకు ఫోన్ చేసేది. ఇక్కడ నాకు మధ్యాహ్నం. ఎన్ని కబుర్లు అలా చెప్పుకున్నామో లెక్కలేదు. శనాదివారాలు పోటీలు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్తే జుట్టుకి క్లోరిన్ వాసన. ఎంత కొబ్బరి నూనె పట్టించినా చీపురుపుల్లల్లా అయిపోయిన ఆ జుట్టు చూసి మా అమ్మ పెట్టిన శాపనార్థాలన్నీ ఆ కొలనుకే తగిలుంటాయి. అలా పద్నాలుగేళ్ళు.

ఆ పద్నాలుగేళ్ళూ ఒక్క రోజుతో ఆగిపోతాయి. నాలుగో ఏడు ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఆఖరి పోటీ ఉంటుంది. ఒలింపిక్స్ దాకా వెళ్ళగలిగేది వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. క్రికెట్‌కో బాస్కెట్‌బాల్‌కో ఉన్నట్టు ఆడి సంపాదించుకునే దారి ఈతలో దాదాపు లేనట్టే. ఆ రోజు గోడ తాకి, పైకి వచ్చి, టోపీ తీసేశాక ఇంక ఆ పిల్ల స్విమ్మర్ కాదు. ఇరవై రెండేళ్ళకే "ఒకప్పుడు ఈదేదాన్ని" అని చెప్పుకోవాలి.

మన తరం ఆడవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు కదా! పదేళ్ళు వీణ నేర్చుకుని, పెళ్ళయ్యాక దాన్ని అటకెక్కించిన వాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. నాట్యం నేర్చుకున్న వాళ్ళు, జిల్లా స్థాయిలో ఖోఖో ఆడిన వాళ్ళు, ఎమ్మే తెలుగులో బంగారు పతకం తెచ్చుకున్న వాళ్ళు. ఆ విద్య ఎక్కడికి పోయింది అంటే ఎక్కడికీ పోలేదు. చేతుల్లోనే ఉంది, వాడే చోటు లేదంతే. వాడే చోటు ఒకటి తనంతట తాను పిలుస్తుంటే, వద్దని చెప్పడానికి మనకి నోరెలా వస్తుంది అన్నది నా మొదటి మాట.

"ఈత నేర్పడానికా" అని మా అమ్మ అన్నదానికి కూడా జవాబు చెప్పాలి. కాలేజీ జట్టులోకి వచ్చేవాళ్ళకి ఈత నేర్పక్కర్లేదు. వాళ్ళు అప్పటికే చేపలు. అసిస్టెంట్ కోచ్ చేసే పని వేరు. ఏ రోజు ఎంత ఈదాలో, ఎంత వేగంతో ఈదాలో ప్రధాన కోచ్‌తో కూర్చుని రాయాలి. గడియారం పట్టుకుని ఒక్కొక్కళ్ళ సమయం రాసుకోవాలి. గోడ దగ్గర మలుపు తిరిగేటప్పుడు పాదం ఎక్కడ పడుతోందో వీడియో తీసి చూపించాలి. పెద్ద పోటీకి రెండు మూడు వారాల ముందు నుంచీ సాధన తగ్గించుకుంటూ రావాలి, ఒంట్లో అలసట దిగి బలం పుంజుకునేలా. ఎవరికి ఎంత తగ్గించాలన్నది లెక్క, అనుభవం, కొంత ఊహ కూడా. దీనికి తోడు బడుల్లో చదివే పిల్లలకి ఫోన్లు చేసి, వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడి, జట్టులోకి రమ్మని పిలవాలి. ప్రయాణాల ఏర్పాట్లు చూడాలి. పరీక్షలు ఎవరికి ఎప్పుడున్నాయో గుర్తుపెట్టుకోవాలి. నాకైతే ఇది ఒక ఉమ్మడి కుటుంబాన్ని నడిపే పనిలా కనిపిస్తోంది.

పైగా అదే జట్టులో ఈదిన అమ్మాయికి మాత్రమే తెలిసేవి కొన్ని ఉంటాయి. సెప్టెంబరులో కొత్తగా వచ్చిన పిల్ల అక్టోబరుకి ఎందుకు డీలా పడుతుందో ఆమెకి తెలుసు, తనూ ఆ అక్టోబరు దాటింది కాబట్టి. తన ఊళ్ళో తనే మొదటిది, ఇక్కడ పన్నెండోది. ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. పొద్దున ఈత, పగలు క్లాసులు, సాయంత్రం మళ్ళీ ఈత, రాత్రి ఇంటిమీద బెంగ. నెలసరి రోజుల్లో కడుపునొప్పితో నీళ్ళల్లోకి దిగాల్సి వస్తే ఆ సంగతి ఒక మగ కోచ్‌తో చెప్పుకోవడానికి పద్దెనిమిదేళ్ళ పిల్ల ఎంత నలిగిపోతుందో మనకి వేరే చెప్పాలా? ఒళ్ళంతా కనిపించే బట్టల్లో, అందరిముందూ, రోజూ నిలబడాల్సిన ఆట అది. బరువు గురించి ఒక్క మాట తూలితే చాలు, ఆ పిల్ల అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అదే వినిపిస్తుంది. ఆ మాట తను పడ్డ అమ్మాయి, ఇప్పుడు గట్టు మీద నిలబడి ఉంటే ఎంత తేడా ఉంటుంది!

ఇక "ఇంకా కొలను చుట్టూనే తిరుగుతానంటే ఎలా" అన్న మా మరిది మాట. దీనికి జవాబు వాళ్ళుండే జార్జియా రాష్ట్రంలోనే ఉంది. అట్లాంటాకి గంటన్నర దూరంలో ఏథెన్స్ అని ఒక ఊరు. గ్రీసు ఏథెన్స్ కాదు, పేరే ఒకటి. అక్కడి జార్జియా యూనివర్సిటీలో జాక్ బవర్లీ అనే ఆయన కుర్రాడిగా ఈదాడు. చదువైపోయాక అక్కడే 1979లో ఆడపిల్లల జట్టుకి కోచ్ అయ్యాడు, తర్వాత మగపిల్లల జట్టుకి కూడా. 2022లో రిటైరయ్యేదాకా 43 ఏళ్ళు అక్కడే. ఆయన చేతికింద ఆడపిల్లల జట్టు ఏడుసార్లు జాతీయ ఛాంపియన్ అయింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా మహిళల ఈత జట్టుకి ఆయనే ప్రధాన కోచ్. "నాయనా, ఇంకా ఆ కొలను చుట్టూనే తిరుగుతావా?" అని ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు. అడిగి ఉన్నా ఆయన విన్నట్టు లేదు. మగవాడు చదివిన చోటే ఉండిపోతే సంప్రదాయం, విశ్వాసం అంటాం. ఆడపిల్ల ఉండిపోతే ఎదగలేదంటాం.

ఆయన తర్వాత ఆడపిల్లల జట్టుకి ప్రధాన కోచ్ అయింది ఎవరనుకుంటున్నారు? స్టెఫానీ విలియమ్స్ మొరేనో. అదే కాలేజీలో ఆయన దగ్గరే ఈదిన అమ్మాయి. తర్వాత అక్కడికే తిరిగొచ్చి, ఏళ్ళ తరబడి సహాయ కోచ్‌గా పనిచేసి, 2022లో ఆ కుర్చీలో కూర్చుంది. ఇంకో ఉదాహరణ లీ మౌరర్. స్టాన్‌ఫర్డ్‌లో ఈదింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో రిలేలో స్వర్ణం, వంద మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో కాంస్యం గెలిచింది. 2005లో అదే స్టాన్‌ఫర్డ్‌కి ప్రధాన కోచ్‌గా తిరిగి వెళ్ళింది. వీళ్ళని చూస్తే, అసిస్టెంట్ కోచ్ అంటే దారి ఆగిపోవడం కాదు, అక్కడినుంచి దారి మొదలవుతుందని తెలుస్తుంది.

అయితే ఇలాంటి ఆడవాళ్ళు తక్కువమంది. ఎందుకు తక్కువో తెలుసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ అని ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థలేవీ ఆడా మగా తేడా చూపించకూడదని. ఆటలకీ అది వర్తించింది. దాంతో ఆడపిల్లలకి జట్లు వచ్చాయి, స్కాలర్‌షిప్పులు వచ్చాయి. ఆడేవాళ్ళ సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. కానీ నేర్పేవాళ్ళ సంగతి తిరగబడింది. వివియన్ అకోస్టా, లిండా కార్పెంటర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు దశాబ్దాల పాటు దీని లెక్కలు కట్టారు. ఆ చట్టం వచ్చేనాటికి కాలేజీ మహిళా జట్లకి నూటికి 90 మందికి పైగా ఆడ కోచ్‌లే ఉండేవాళ్ళు. 2014 నాటికి అది నూటికి 43కి దిగింది.

ఎందుకలా? జట్లు చిన్నవిగా, జీతం నామమాత్రంగా ఉన్నంతకాలం ఆ పని ఆడవాళ్ళదే. డబ్బూ పేరూ వచ్చాక ఆ కుర్చీకి మగవాళ్ళు కూడా వరస కట్టారు. మన ఇంట్లో వంట మనది, పెళ్ళిళ్ళల్లో లక్షలు తీసుకుని చేసే వంట వాళ్ళది అన్నట్టు. అందుకే ఒక్క అమ్మాయి అయినా తన కొలనుకి తిరిగి వెళ్తోందంటే నాకు సంతోషం.

సంతోషం ఉంది కదా అని కళ్ళు మూసుకుని వెళ్ళమనను. ఇక్కడే నా మూడు ప్రశ్నలు.

మొదటిది డబ్బు గురించి. తిరిగి వెళ్ళే అమ్మాయిని పిలిచేటప్పుడు "ఇది నీ ఇల్లు, నీ కుటుంబం" అని పిలుస్తారు. కుటుంబం అనే మాట వినపడగానే మనం జాగ్రత్తపడాలి. కుటుంబంలో చేసే పనికి జీతం ఉండదని మనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? అమెరికా పెద్ద కాలేజీల జట్లలో చాలాకాలం "వాలంటీర్ కోచ్" అనే పదవి ఉండేది. పని అందరితో సమానం, జీతం మాత్రం లేదు. అలాంటి చోట్ల చేరినవాళ్ళు చాలామంది ఇలా ఆట మీద ప్రేమ చావని పాత విద్యార్థులే. బయట ఈత పాఠాలు చెప్పుకుని అద్దె కట్టుకుంటూ, పొద్దునా సాయంత్రం గట్టు మీద నిలబడేవాళ్ళు. 2023 జూలై నుంచి కాలేజీ క్రీడల సంఘం ఆ పదవిని తీసేసింది. జీతం ఇచ్చి పెట్టుకోవచ్చని చెప్పింది. మంచిదే. కానీ ప్రేమతో చేసే పనికి లెక్కలేంటి అనే ఆలోచన ఒక నియమంతో పోదు. అందుకే మా పిల్లకి చెప్పాను. జీతం ఎంత, ఏడాదికి ఎన్ని నెలలు ఇస్తారు, ఆరోగ్య బీమా ఉందా, పదవి పేరేంటి, ఎన్నాళ్ళకి ఒప్పందం, ఇవన్నీ కాగితం మీద రాసివ్వమని అడుగు. సిగ్గుపడకు. అడిగితే ప్రేమ తగ్గిపోయేట్టయితే అది ప్రేమ కాదు, బేరం.

రెండోది, మాటకి విలువ ఉంటుందా అన్నది. నిన్నటిదాకా ఆ కోచ్ చెప్తే ఈదిన పిల్ల. ఆయన కళ్ళల్లో ఇంకా పాపే. ఇరవై నాలుగేళ్ళు వచ్చినా పుట్టింట్లో మనల్ని చంటిదానా అని పిలిచినట్టు. ఆయన ఏదైనా తప్పు చేస్తున్నాడనిపిస్తే, "సార్, ఇది ఆ పిల్లకి మంచిది కాదు" అనగలదా? అంటే వింటాడా? వినకపోతే ఇంకెవరికి చెప్పుకోవాలి? అమ్మాయిలు సుఖంగా మాట్లాడుకోవడానికి ఒక అమ్మాయిని పెట్టుకుని, నిర్ణయాలు మాత్రం ఎప్పటిలాగే తీసుకుంటామంటే అది అలంకారం. పెళ్ళిలో పీటల మీద కూర్చోబెట్టి, ముహూర్తం మాత్రం మగాళ్ళు పెట్టుకున్నట్టు. కాబట్టి ఏ పని పూర్తిగా నాది, దేనిలో నా మాట చెల్లుతుంది అని ముందే అడగాలి. అలాగే స్నేహాల సంగతి. రెండేళ్ళ కింద చెల్లెళ్ళలా తిరిగిన జూనియర్లు ఇప్పుడు ఈమె శిష్యులు. వాళ్ళ పార్టీలకి వెళ్ళకూడదు. వాళ్ళ గురించి వాళ్ళతో మాట్లాడినట్టు ఇంకొకళ్ళతో మాట్లాడకూడదు. ఎవర్ని పోటీకి తీసుకెళ్ళాలో, ఎవర్ని ఇంటి దగ్గర ఉంచాలో చెప్పాల్సి వచ్చినప్పుడు ముఖం చూసి మొహమాటపడకూడదు. అది కష్టమైన పని.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైంది, దీన్ని తనని తనే అడగాలి. నిన్నటి కోడలే నేటి అత్త అని మనవాళ్ళు ఊరికే అనలేదు. కోడలిగా ఏడ్చిన మనిషి అత్త అయ్యాక మెత్తగా ఉంటుందనుకుంటాం. కొందరు ఉంటారు. ఇంకొందరు "మేం పడలేదా? పడ్డాం కాబట్టే ఇలా తయారయ్యాం" అంటారు. కొలను గట్టు మీద కూడా ఇదే. జ్వరంతో ఈదించారు, ఏడిపించారు, అయినా నేను గెలిచాను కదా, నువ్వూ ఈదు. నేర్చుకున్న చోటే నేర్పడంలో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. మంచి పద్ధతులూ చెడ్డ పద్ధతులూ రెండూ అలవాటు పేరుతో పక్కపక్కనే వచ్చేస్తాయి.

ఆడ కోచ్ అయితే చాలు, అంతా బాగుంటుంది అని నమ్మేవాళ్ళకి టెరీ మెకీవర్ కథ తెలియాలి. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీలో మహిళా జట్టుకి మూడు దశాబ్దాలు కోచ్. నాలుగుసార్లు జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈత జట్టుకి ప్రధాన కోచ్ అయిన మొదటి మహిళ. ఆ రోజు ఎంతమంది ఆడపిల్లలు ఆమెని చూసి మురిసిపోయి ఉంటారో! అదే మనిషి మీద 2022లో పాత విద్యార్థినులు చాలామంది ముందుకొచ్చి, తమని మాటలతో హింసించిందని, వేధించిందని చెప్పారు. ఆమె ఆ ఆరోపణల్ని ఒప్పుకోలేదు. విచారణ జరిపించాక యూనివర్సిటీ 2023 జనవరిలో ఆమెని ఉద్యోగం నుంచి తీసేసింది. ఆడది కాబట్టి అర్థం చేసుకుంటుందిలే అని వదిలేయడానికి లేదని, ఎవరి చేతిలో అధికారం ఉన్నా కనిపెట్టుకుని ఉండే కళ్ళు కావాలని ఆ కథ నాకు చెప్పింది.

అందుకే మా పిల్లని ఒక పని చెయ్యమన్నాను. "ఆ నాలుగేళ్ళల్లో నీకు జరిగినవి రెండు వరసలుగా రాసుకో. ఇవి నేనూ చేస్తాను అనుకునేవి ఒక వైపు, ఇవి నా చేతుల మీదుగా ఎవరికీ జరగనివ్వను అనుకునేవి ఇంకో వైపు" అన్నాను. "రెండో వరస పొడుగైతే పెద్దమ్మా?" అని అడిగింది. "పొడుగైతే నువ్వు వెళ్ళాల్సిన అవసరం ఇంకా ఎక్కువ. కాకపోతే రెండో ప్రశ్నకి ఇంకా గట్టి జవాబు తీసుకుని వెళ్ళు" అన్నాను.

మా చెల్లెలి భయాల్ని నేను కొట్టిపారేయను. అది ఊరికే భయపడే మనిషి కాదు. ఆఫీసు ఉద్యోగంలో వచ్చేదానికన్నా కోచ్ జీతం తక్కువ. శని ఆదివారాలు ఉండవు. తెల్లవారుజామున మళ్ళీ అదే చలిలో కొలను. చలికాలమంతా ఊళ్ళు తిరగాలి. రేపు పెళ్ళీ పిల్లలూ అన్నప్పుడు ఈ వేళలు ఎలా కుదురుతాయి అని అడుగుతోంది. సరైన ప్రశ్నే. చాలామంది ఆడవాళ్ళు కోచింగ్ వదిలేసేది కూడా అక్కడే. ఇంటికీ కొలనుకీ మధ్య తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు. అయితే దానికి మందు ముందే వదులుకోవడం మాత్రం కాదు. రాబోయే అల్లుడు ఎలాంటివాడో, ఎప్పుడొస్తాడో తెలియకుండా అతని వేళలకి ఇప్పటినుంచే పిల్ల ఉద్యోగం సర్దేయడం ఏం లెక్క? ఇది జన్మఖైదు కాదు. రెండేళ్ళు చేస్తుంది. నచ్చితే ఉంటుంది, ఇంకో కాలేజీకి పెద్ద పదవిలోకి వెళ్తుంది. నచ్చకపోతే చదువుంది, డిగ్రీ ఉంది, మళ్ళీ ఆఫీసుకి వెళ్తుంది. ఇరవై నాలుగేళ్ళ వయసులో రెండేళ్ళు ఇష్టమైన పని చేసి చూడటానికి వీల్లేకపోతే, ఇంకెప్పుడు వీలవుతుంది? నలభైల్లో ఉన్న మనల్ని అడిగితే చెప్తాం ఆ సంగతి.

ఇంకో మాట. మన పిల్లలు అక్కడ వేల సంఖ్యలో ఈత క్లబ్బుల్లో ఉన్నారు. కాలేజీ దరఖాస్తుల్లో ఒక వరస నిండుతుందని కొందరు, ఆరోగ్యానికని కొందరు, పక్కింటివాళ్ళు చేర్పించారని కొందరు పంపిస్తారు. తప్పులేదు. కానీ పిల్లని తెల్లవారుజామున లేపి పద్నాలుగేళ్ళు తిప్పాక, ఆ ఆట ఆ పిల్లలో ఒక భాగం అయిపోతుంది. అప్పుడు "ఇది కేవలం దరఖాస్తు కోసం, ఇక చాలు" అంటే ఎలా? మనం నీళ్ళల్లోకి దింపింది కదా, తను ఎంత లోతుకి వెళ్ళాలన్నది తనే తేల్చుకుంటుంది.

మా పిల్ల మూడు ప్రశ్నలూ అడిగింది. మొదటిదానికి జవాబు కాగితం మీద వచ్చింది. జీతం ఇప్పటికన్నా తక్కువే, బీమా ఉంది, పన్నెండు నెలలూ ఇస్తారు. రెండోదానికి ఆ కోచ్ కాసేపు ఆలోచించి, కొత్తగా చేరే మొదటి ఏడాది అమ్మాయిల బాధ్యత పూర్తిగా నీదే అన్నాడట. మూడోదాని కాగితం నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. ఆగస్టులో చేరుతోంది. మా అమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది, కాకపోతే ఇప్పుడు ఆ గొణుగుడు జుట్టు గురించి. మా చెల్లెలు మాత్రం ఒక మాట అడిగింది, "అక్కా, పొద్దున్నే వెళ్ళేటప్పుడు దానికి టిఫిన్ ఎవరు పెడతారే?" అని.

మీ ఇళ్ళల్లో ఇలాంటి పిలుపు వస్తే మీరేమంటారు? వెళ్ళమంటారా, వద్దంటారా? వద్దంటే ఎందుకు వద్దంటారో కూడా రాయండి. మా చెల్లెలికి చదివి వినిపిస్తాను.